తోకెత్తి పరిగెత్తే పులిపిరి పంది

ఒకప్పుడు మేం, పులిపిరి పందులం, తోకలు కిందికి వేలాడేసుకుని బుద్ధిగా నడిచేవాళ్లం. బొరియలోకి వెళ్లాలంటే అందరిలాగే ముందు తల దూర్చేవాళ్లం. మర్యాదగల జంతువులమన్నమాట.

ఎందుకర్రా ఆ నవ్వు? నిజమే చెబుతున్నాను. మర్యాద తప్ప మాకింకేముంది గనక? ఈ మొహం చూడండి. రెండు పక్కలా వంకర కోరలు, కళ్ల కింద ఉండ్రాళ్లంత పులిపిర్లు. అందం పంచిపెట్టిన రోజున మావాళ్లు బురదలో పొర్లుతున్నారట. కబురొస్తే "కాసేపాగి వెళ్దాంలే" అన్నారట. తీరా వెళ్లేసరికి ఇవే మిగిలాయి.

పోనీ, అందం లేకపోతే తెలివైనా ఉందా అంటే, మా ముత్తాత కోరలయ్య సంగతి వినండి. మీరే చెబుదురు గాని.

ఆఫ్రికాలో పెద్ద గడ్డి మైదానం ఉంది కదా, దానికి అవతల ఒక రాళ్లగుట్ట. కోరలయ్య, ఆయన భార్య బురదమ్మ, వాళ్ల నలుగురు పిల్లలు ఆ గుట్ట మీదే ఉండేవాళ్లు. అక్కడ సింహాలు లేవు. అందుకని కోరలయ్యకి భయమంటే ఏమిటో తెలీదు. భయం తెలీనివాణ్ని బయటివాళ్లు ధైర్యవంతుడంటారు. మా ఇంట్లో మాత్రం వేరే మాట అంటారు, పిల్లల ముందు ఎందుకులే.

ఆ రోజుల్లో ఏనుగు మామ జంతువుల్ని వీపు మీద ఎక్కించుకుని మైదానమంతా తిప్పి చూపించేవాడు. ఆయన చెవి మీద ఎర్రముక్కు పిట్ట కూర్చుని దారి పొడుగునా అన్నీ వివరించేది. సెలవులకి అలా వెళ్లి సింహాన్ని చూసి రావడం గుట్ట మీద గొప్ప. కోరలయ్య కూడా పెళ్లాం పిల్లలతో బయల్దేరాడు.

అందరూ ఎక్కి సర్దుకోగానే ఎర్రముక్కు పిట్ట గొంతు సవరించుకుంది.

"చూడండి బాబూ, నేను చెప్పేది ఒకటే. ఏనుగు మామ వీపు దిగకూడదు. మీరు పైన ఉన్నంతసేపూ సింహం కంటికి మీరూ ఆయనా కలిపి ఒకటే పెద్ద జంతువు. దిగారంటే మీరు వేరు, ఆయన వేరు. పందిని పందిలాగే చూస్తుంది."

"నాకు చెబుతావా పిట్టా?" అన్నాడు కోరలయ్య. "గుట్ట మీద నన్ను అడగనిదే ఎవరూ బురదలో కాలు కూడా పెట్టరు."

"ఈయన అడ్డంగా పడుకుని ఉంటాడు, అందుకని అడుగుతారు" అంది బురదమ్మ.

ఏనుగు మామ కదిలాడు. మధ్యాహ్నానికి తుమ్మచెట్టు కింద సింహం కనిపించింది. వెల్లకిలా పడుకుని, నాలుగు కాళ్లూ గాల్లోకి పెట్టి, నోరు తెరిచి గురక పెడుతోంది. పొట్ట పైకీ కిందికీ ఊగుతోంది.

కోరలయ్య మొహం మాడిపోయింది. "ఇదా సింహం? దీనికోసమా ఇంతదూరం వచ్చాం? మా బావమరిది కూడా ఇలాగే పడుకుంటాడు!"

"మావాణ్ని ఎందుకు ఆడిపోసుకుంటావ్?" అంది బురదమ్మ.

కోరలయ్యకి ఇంకో బెంగ కూడా పట్టుకుంది. మాలో ఒక ఆచారం ఉంది. ఊరెళ్లి వచ్చినవాడు బురదగుంటలో అందరి మధ్యా కూర్చుని చూసిందంతా చెప్పాలి, చెప్పాక గుర్తు చూపించాలి. గుర్తు లేకపోతే ఎవరూ నమ్మరు. ఎలా నమ్ముతారు? అందరం కోతలరాయుళ్లమే, ఒకరి సంగతి ఒకరికి తెలుసు.

"సింహం జూలులోంచి ఒక్క వెంట్రుక పట్టుకొస్తా" అన్నాడు కోరలయ్య. "నిద్రపోతోందిగా, దానికేం తెలుస్తుంది?"

"మతిగాని పోయిందా ఏమయ్యా నీకు? అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు!"

"మనం కాలెప్పుడు కడిగాం గనకే!" అని కోరలయ్య ఏనుగు మామ తోక పట్టుకుని జర్రున కిందికి జారిపోయాడు. పిట్ట గోల పెట్టింది. బురదమ్మ చూడలేక కళ్లు గట్టిగా మూసుకుంది.

అదే పొరపాటైంది. పిల్లలు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. నాన్న దిగాడంటే దిగొచ్చన్నమాటే అనుకున్నారు. జర్రు, జర్రు, జర్రు, జర్రు. బురదమ్మ కళ్లు తెరిచేసరికి వీపు మీద తనొక్కతే ఉంది. "నా పిల్లలు! నా పిల్లలేరీ!" అని కేక పెట్టింది.

ఈ సంగతేదీ తెలీకుండా కోరలయ్య గడ్డిలో నక్కి నక్కి పోతున్నాడు. దారిలో లేత గడ్డి కనిపించింది. మా జాతికి లేత గడ్డి కనిపిస్తే చాలు, ముందు మోకాళ్లు వాటంతటవే వంగిపోతాయి. వంగి తినడం మా అలవాటు. సింహాన్ని చూడ్డానికి వచ్చిన మహానుభావుడు, సింహాన్ని వదిలేసి, మోకాళ్ల మీద కూలబడి, పిర్రలు ఆకాశానికి పెట్టి మేత మొదలుపెట్టాడు.

"తిను నాయనా, కడుపునిండా తిను" అంది వెనకనుంచి ఎవరో. "ఖాళీ కడుపువాళ్లని తినాలంటే నాకు మనసొప్పదు."

కోరలయ్య నములుతూనే తల తిప్పాడు. సివంగి! చెట్టు కింద పడుకున్నది మొగుడు. వేటాడేది ఈవిడ.

గడ్డి నోట్లోనే ఉండిపోయింది. కోరలయ్య పరుగో పరుగు. ఏనుగు మామ వైపే పరిగెత్తాడు. ఇంకాస్త దూరం పోతే గండం గడిచేదే. అప్పుడు వినిపించింది.

"నాన్నా! ఎక్కడున్నావ్ నాన్నా? మాకేం కనబడ్డం లేదు!"

గొంతులు గడ్డిలోంచి వస్తున్నాయి. పిల్లల తలల కంటే గడ్డి ఎత్తుగా ఉంది. వాళ్లకి నాన్న కనబడడు, ఏనుగు కనబడదు, సివంగి కూడా కనబడదు. సివంగి చెవులు మాత్రం ఆ గొంతుల వైపు తిరిగాయి.

అప్పుడు తెలిసింది మా ముత్తాతకి భయమంటే ఏమిటో. తన ప్రాణం సంగతే మర్చిపోయాడు. ఏనుగు వైపు వెళ్లేవాడు వెనక్కి తిరిగి పిల్లల వైపు పరిగెత్తాడు. జన్మలో ఎప్పుడూ ఎత్తని తోక నిట్టనిలువుగా ఎత్తాడు. తోక చివరి కుచ్చు గడ్డి పైకి వచ్చి ఊగింది.

"నా తోక చూడండర్రా! తోక ఎటు పోతే అటు రండి!"

"తోక దించవయ్యా!" అని పైనుంచి అరిచింది ఎర్రముక్కు పిట్ట. "సివంగికి కూడా కనబడుతోంది!"

"కనబడనీ! పిల్లల మీదకి పోకుండా నా మీదకే రానీ! దూరడానికి ఏమైనా ఉందా, అది చెప్పు ముందు!"

"ఎడమ పక్క చెదపుట్ట! దాని కింద బొరియ!"

తోక ఎడమకి తిరిగింది. వెనకే పిల్లలు తిరిగారు. ఆ వెనక సివంగి కూడా తిరిగింది. బొరియ దగ్గర కోరలయ్య పక్కకి తప్పుకుని పిల్లల్ని ఒక్కొక్కళ్లనీ మూతితో లోపలికి తోశాడు. ఆఖరివాడు దూరగానే తనూ దూరాడు. అలవాటు కదా, తల ముందు పెట్టాడు.

లోపల పిల్లలు కిక్కిరిసి ఉన్నారు. తల మాత్రం పట్టింది. కోరలు లోపల, పిర్రలు బయట. సివంగి పంజా ఫట్టున పడింది.

"అమ్మోయ్!"

ఆ కేకతో మైదానంలో పిట్టలన్నీ లేచాయి. కోరలయ్య ఒక్క ఉదుటున బయటికొచ్చి, గిర్రున తిరిగి, వెనక్కి వెనక్కి నడుస్తూ బొరియలోకి దూరాడు. ఇప్పుడు కోరలు బయటికి వచ్చాయి. సివంగి ముక్కు పెట్టింది, కోర గుచ్చుకుంది. ఇంకోసారి పెట్టింది, ఇంకోసారి గుచ్చుకుంది. ఈలోగా ఏనుగు మామ ఘీంకరిస్తూ వచ్చేశాడు. సివంగి ముక్కు నాక్కుంటూ వెళ్లిపోయింది.

బురదమ్మ దిగలేదు. దిగకూడదని ఒక్కతికైనా తెలియాలి కదా. ఏనుగు మామ తొండంతో పిల్లల్ని ఒక్కొక్కళ్లనీ పైకి అందిస్తుంటే గుండెలకి హత్తుకుని ఏడ్చింది. ఆఖర్న మొగుణ్ని అందించాడు.

"చూశావుగా సింహాన్ని దగ్గరగా?" అంది బురదమ్మ.

కోరలయ్య కూర్చోలేదు. ఇంటిదాకా నిలబడే వచ్చాడు.

గుట్ట మీద బురదగుంటలో అందరూ చుట్టూ చేరారు. కోరలయ్య జరిగిందంతా చెప్పాడు. "కోతలు ఆపి గుర్తు చూపించు" అన్నారు. పాపం, ఏం చేస్తాడు? అందరికీ వీపు తిప్పి, తోక ఎత్తాడు. చావు తప్పి కన్ను లొట్టపోయిందంటారు చూడండి, మా ముత్తాతకి పోయింది కన్ను కాదు. గోళ్ల గాట్లు ఎర్రగా కనబడ్డాయి. మా వంశంలో చెప్పిన మాట మొదటిసారి అందరూ నమ్మారు.

అప్పటినుంచే మేం తోక నిట్టనిలువుగా ఎత్తి పరిగెడతాం, వెనక పిల్లలకి కనబడాలని. అప్పటినుంచే బొరియలోకి వెనక్కి నడుస్తూ దూరుతాం, కోరలు బయటికి ఉండాలని. జీపుల్లో వచ్చే మీ మనుషులు మమ్మల్ని చూసి పడీ పడీ నవ్వుతారు. నవ్వనివ్వండి, మేమూ నవ్వుకుంటాం.

మీరు మాత్రం ఒక్క పని చెయ్యండర్రా. సింహాన్ని దగ్గరగా చూస్తానని మీ నాన్న జీపు దిగబోతే, చొక్కా పట్టుకుని గట్టిగా వెనక్కి లాగండి. ఎత్తి చూపించడానికి ఆయనకి తోకైనా లేదు పాపం.