కూర్చున్నవాడి ఓటు

అనగనగా ఓ రాజ్యంలో ఊరికొక సభ్యుణ్ణి రాజుగారి కొలువుకు పంపేవారు. అక్కడ ఏ సంగతి తేలాలన్నా ఔననేవాళ్ళు లేచి నిలబడాలి, కాదనేవాళ్ళు కూర్చునే ఉండాలి.

చింతలమెట్ట సభ్యుడు కొండలరాయుడికి కొలువులో మెత్తటి ఆసనం దొరికింది. మొదటిరోజు పట్టిన కునుకు ఏళ్ళ తరబడి సాగింది. ఊరికొస్తే మాత్రం, "ఉప్పు పన్నుకి లేచానా? కూర్చునే ఎదిరించాను," అని మీసం దువ్వేవాడు.

"మరి మన ఊరికి కాలువ తవ్వించే సంగతికి, బాబూ?" అని అడిగింది పూటకూళ్ళ పేరమ్మ.

రాయుడు తడబడ్డాడు. "దానికీ కూర్చునే ఉన్నాను. ఆలోచించే చేశాను. నేను కూర్చున్నానంటే వద్దన్నట్టే. ఆ మాటకి తిరుగులేదు."

గడువు తీరింది. మళ్ళీ ఎవరిని పంపాలో తేల్చడానికి ఊరు కూడింది. ఆ పూట పేరమ్మ రాయుడికి ముద్దపప్పు, నెయ్యి, గడ్డపెరుగు కొసరి కొసరి వడ్డించింది. కరణంగారు పొగడ్త అందుకునేసరికి రాయుడు గుర్రుపెట్టాడు.

"రాయుడుగారే వెళ్ళాలనేవాళ్ళు లేవండి," అంది పేరమ్మ. ముందే కూడబలుక్కున్నట్టు అందరూ లేచారు.

ఆ చప్పుడుకి రాయుడు కళ్ళు తెరిచాడు. తనకోసం ఊరంతా నిలబడిందని ఛాతీ పొంగింది.

"అందరూ మీరే కావాలన్నారు బాబూ, మీరొక్కరే వద్దన్నారు," అంది పేరమ్మ. "ఇష్టంలేని మనిషిని బలవంతాన ఎలా పంపుతాం?"

రాయుడు కిందికి చూసుకున్నాడు. కూర్చునే ఉన్నాడు. చివరికి తనే పకపకా నవ్వేశాడు.

"పోనీలే పేరమ్మా. ఇన్నేళ్ళలో ఊరికి పనికొచ్చేలా నేను వేసిన ఓటు ఇదొక్కటే."