ఐరావతం తెల్లరంగు

ఆ సింహాద్రి అప్పన్న మిమ్మల్నందరినీ చల్లగా చూడాలి. ముందు వరసలో వాళ్ళు కాస్త సర్దుకోండమ్మా, వెనక ఇంకా వస్తున్నారు. ఆఁ, ఇక వినండి.

రత్నగుడి సంస్థానానికి సొంత రైలుండేది. ఒకే ఇంజను, మూడు పెట్టెలు. పొద్దున కోట నుంచి జంక్షనుకు పోవడం, సాయంత్రానికి తిరిగి రావడం. రాజా మృత్యుంజయ బహద్దరు వారికి మాత్రం అది పుష్పక విమానమే. ఏటా దసరాకి దానికి కొత్త రంగు పడాల్సిందే. ఊసరవెల్లికైనా మధ్యలో సెలవులుంటాయేమో గానీ, ఆ ఇంజనుకు లేవు.

రంగు నిర్ణయించేది ఆస్థాన చిత్రకారుడు మంగపతి. బిరుదు ‘వర్ణబ్రహ్మ’. ఆ బిరుదు ఎంచుకున్నదీ ఆయనే, అందంగా రాసి గోడకు తగిలించుకున్నదీ ఆయనే. రాజావారు తలూపారంతే.

మొదట చిలకపచ్చ వేశాడు. పచ్చటి పొలాల్లో ఇంజను కనబడక గేదెలు పట్టాల మీంచి లేచేవి కావు. మరుసటి ఏడు ఎరుపు. దూరాన ఎర్రగా కనబడగానే ఏదో ప్రమాదమనుకుని జంక్షనులో దారిచ్చే సిగ్నలు దించేవాళ్ళు కారు. ఆ పై ఏడు పసుపు పూసి, మొహాన ఇంత బొట్టు దిద్దాడు. ఇంకేం, ఆడవాళ్ళు కొబ్బరికాయలు పట్టుకుని పట్టాలకు అడ్డంగా బారులు తీరారు. నేను తప్పుపట్టను, భక్తి భక్తే. రైలు మాత్రం జంక్షను చేరేసరికి చీకటి పడేది.

నాలుగో ఏడు సంస్థానం గుర్తుగా ఇంజనుకు రెండు పక్కలా ముందుకు దూకే సింహాన్ని వేశాడు. బాగానే ఉంది. కాకపోతే జంక్షనులో ఇంజనును తిప్పే ఏర్పాటు లేదు. తిరుగు ప్రయాణమంతా అది వెనక్కే నడవాలి. పొద్దున గర్జిస్తూ పోయిన సింహం సాయంత్రం వెనక్కి వెనక్కి జారుకుంటూ ఊళ్ళోకొచ్చేది.

“జంక్షనులో ఏం చూసి దడుచుకుందో, పాపం!” అనుకునేవారు జనం.

ఐదో ఏడు రాజావారికి కలలో ఐరావతం కనబడింది.

“మన ఇంజను అంత తెల్లగా ఉండాలయ్యా!”

“ఉంటుంది మహాప్రభూ!” అన్నాడు మంగపతి, కలలో ఆ ఏనుగు తోక పట్టుకుని తానూ వచ్చినట్టు.

వేశాడు. పాలనురుగులా మెరిసింది. పొద్దున తెల్లగా పోయింది. సాయంత్రం నల్లగా వచ్చింది. ఐరావతం ఎటు పోయిందో కూడా తెలియలేదు.

రాజావారు మండిపడ్డారు. మంగపతి క్షణం ఆలస్యం చెయ్యకుండా వేలెత్తి డ్రైవరు మస్తానును చూపించాడు.

“రంగులో లోపం లేదు ప్రభూ. వీడికి శ్రద్ధ లేదు. మనసు తెల్లగా ఉంటే ఇంజనూ తెల్లగా ఉంటుంది.”

మస్తాను చేతులు కట్టుకుని, “బొగ్గు తిన్న ఇంజను పొగ కాక ఇంకేం వదుల్తాది మహారాజా?” అన్నాడు.

“ఎదురు చెప్తావా! రేపు ఇంజను తెల్లగా రాకపోతే, నడిపినవాడి ఉద్యోగం ఊడినట్టే. రైలు క్వార్టరు కూడా ఖాళీ చెయ్యాలి!” అన్నారు రాజావారు.

పాపం, మస్తాను ఆరుగురు పిల్లల తండ్రి.

అక్కడే ఉన్నాడు కూర్మనాథం. రోజూ రాజావారికి పత్రిక చదివి వినిపించే ఉద్యోగం ఆయనది. మెల్లగా ముందుకొచ్చాడు.

“వర్ణబ్రహ్మగారు సెలవిచ్చింది నూటికి నూరుపాళ్ళు నిజం ప్రభూ. మస్తానుకు చేతకాదు. అంత తెల్లటి మనసు ఈ సభలో ఒక్కరికే ఉంది. రేపు వారే ఇంజనెక్కి, పక్కన నిలబడి నడిపిస్తే సరి. మస్తాను వారు చెప్పినట్టు చేస్తాడు.”

మంగపతి ఎత్తిన వేలు దించేశాడు. “నేనా... ఇంజను మీదా?”

“మరి మీ మనసు తెల్లనిదే కదండీ?”

“ఆహా, భేషుగ్గా ఉంది!” అన్నారు రాజావారు. “మంగపతీ, రేపు ఇంజను నీ ఆధీనం!”

కాదంటే బిరుదు పోతుంది. మర్నాడు మంగపతి తెల్ల పట్టుపంచె, తెల్ల తలపాగా, నుదుట గంధంతో ఇంజనెక్కాడు. రాత్రికి రాత్రే కడిగి మళ్ళీ రంగు వేయించిన ఇంజను పక్కన కవలపిల్లాడిలా ఉన్నాడు.

పోయేటప్పుడు పొగ. వచ్చేటప్పుడు ఇంజను వెనక్కి నడుస్తుంది కదా, బొగ్గుపెట్టె ముందుంటుంది. ఎదురుగాలికి అందులోని బొగ్గుపొడంతా లోపల నిలబడ్డవాళ్ళ మొహాన కొడుతుంది. మస్తాను తలగుడ్డ మొహానికి చుట్టుకున్నాడు. “మీరూ చుట్టుకోండి బాబూ,” అన్నాడు కూడా. పట్టు నలుగుతుందని వర్ణబ్రహ్మగారు ఒప్పుకోలేదు.

సాయంత్రం స్టేషన్లో రాజావారు, దర్బారు, సగం ఊరు. రైలాగింది. ఇంజను కాటుక ముద్ద. అందులోంచి మరో ముద్ద దిగింది.

రాజావారు అటూ ఇటూ చూశారు. “మంగపతి ఏడయ్యా? ఈ బొగ్గు కూలీని ముందు పంపారేం?”

“ప్రభూ... నేనే... వర్ణబ్రహ్మను!” అంది ఆ ముద్ద. పళ్ళు మాత్రం తెల్లగా ఉన్నాయి.

కూర్మనాథం వంగి నమస్కరించాడు.

“మహాప్రభూ, ఇన్నేళ్ళూ వర్ణబ్రహ్మగారు ఇంజనుకు తమకు నచ్చిన రంగు వేశారు. ఇవాళ ఇంజను తనకు నచ్చిన రంగు వారికి వేసింది!”

రాజావారు పొట్ట పట్టుకుని నవ్వారు. పెట్టెల్లో ప్రయాణికులు కిటికీల్లోంచి వేలాడుతూ నవ్వారు. మస్తాను తలగుడ్డ నోట్లో కుక్కుకుని నవ్వాడు.

“మస్తానూ, నీ ఉద్యోగం, నీ క్వార్టరు నీవే. మంగపతీ, ఇవాళ ఇంజను నీ ఆధీనం కనక ఊడాల్సింది నీ ఉద్యోగం. అయినా వదిలేస్తున్నా. నీ చేత్తోనే దానికి నల్లరంగు వెయ్యి. ఇక ఎప్పటికీ అదే!”

అంటూనే రాజావారు తమ భుజం మీది పాలలాంటి శాలువా తీసి కూర్మనాథానికి కప్పబోయారు. ఆయన ఇంజను వంక చూసి గబుక్కున రెండడుగులు వెనక్కి వేశాడు.

“ఇక్కడొద్దు ప్రభూ, దర్బారులో కప్పండి. దాని మనసింకా చల్లారలేదు!”