ఇత్తడి బిళ్ల

పొద్దున సంతలో మఠం శిష్యుడు శంభన్న రొంటిన దోపుకున్న సంచి ఎవడో కొట్టేశాడు. ఇంకొకడైతే సంతంతా గాలించి, లబోదిబోమనేవాడు. శంభన్న వెనక్కి తిరిగి కూడా చూడలేదు. తనలో ఇంత వైరాగ్యం ఉందా అని దారి పొడుగునా తనే మురిసిపోతూ మఠానికి వచ్చేశాడు.

ఇక ఆ రోజంతా అదే కథ. సాయంత్రం వసారాలో దీపం పెట్టాక, కొత్తగా వచ్చిన భక్తులకు మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టాడు.

"పోయింది నాది కాదనుకున్నాను. అంతే, మనసు తేలికైపోయింది. ఆ దొంగను కూడా దీవించాను."

భక్తులు చేతులు జోడించారు. శంభన్న ఛాతీ పొంగింది. తన గొప్ప తను చెప్పుకోకూడదని అతనికి తెలుసు. వినేవాళ్లు అంత భక్తిగా వింటుంటే మాత్రం ఏం చేస్తాడు?

గోడకు ఆనుకుని కూర్చున్న గురువు బసవలింగయ్య మెల్లగా అడిగాడు.

"సంచిలో ఏముండె నాయనా?"

"కాస్త చిల్లర, స్వామీ. మఠం బిళ్ల కూడా."

ఆ ఇత్తడి బిళ్ల చూపిస్తే అంగడి వీధిలో ఎవరైనా సరుకు ఇచ్చేస్తారు. తెచ్చిన మనిషెవరని అడగరు. డబ్బు తర్వాత మఠమే పంపుతుంది.

అంతలో గానుగ ఈరమ్మ ఖాళీ కుండ చంకన పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. నూనె ఆడించి అమ్ముకుని బతికే మనిషి.

"సామీ, మద్యాన్నం మీ మనిసి బిళ్ల చూపించి నూనెంతా పోయించుకోని పాయ. కొత్త మొగమే. బిళ్ల మీదే గదా అని పోసిస్తి. రేపు అమ్మేదానికి చుక్క ల్యాకపాయ. దుడ్లిస్తే గింజలు కొనుక్కుంటా."

శంభన్న సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

గురువు లేచి లోపలి నుంచి మఠం నూనె జాడీ తెచ్చి ఈరమ్మ కుండలోకి వంచాడు. కుండ నిండలేదు. గురువు శంభన్న ముందున్న దీపం తీసుకున్నాడు. వత్తి పక్కన పెట్టి, ఆ నూనె కూడా కుండలో పోశాడు. వసారా చీకటైంది.

"ఇంగా తక్కువైంది తల్లీ. రేపు నేనే తెచ్చిస్తా."

"స్వామీ, నేను ఆ దొంగను క్షమించి..." అంటూ శంభన్న నీళ్లు నమిలాడు.

"క్షమించు నాయనా, మంచిదే. ముందు అంగడి వీధిలో చెప్పిరా."

శంభన్న పైపంచె కూడా వేసుకోకుండా పరుగెత్తాడు. బిళ్ల పోయింది, ఎవరొచ్చి చూపించినా ఇవ్వొద్దు అని అంగడంగడికీ వెళ్లి చెప్పాడు. తలుపులు మూసుకున్న వాళ్లను కూడా లేపి చెప్పాడు.

దొంగను దీవించిన సంగతి మాత్రం ఏ అంగట్లోనూ ఎత్తలేదు.