మూడో పిలుపు

ఆ చిత్తడి నేల మీద పొగమంచు దిగిందంటే ఎవరి గొంతు ఎవరిదో తెలీదు. పక్కనున్నవాడు పాతాళంలోంచి మాట్లాడినట్టుంటుంది. అలాంటి ఒక పొద్దున నక్క జంబయ్య గేదె నల్లమ్మ వీపెక్కి, ఎండిపోతున్న మడుగుకేసి బయల్దేరాడు. అందులో చేపలు గిలగిల్లాడుతున్నాయని కొంగలు చెప్పుకుంటుంటే విన్నాడు లెండి. తమ్ముడు పింగయ్యకి మాటమాత్రం చెప్పలేదు. చెబితే వాటా అడగడూ!

ఊబి దగ్గరికొచ్చేసరికి మంచులోంచి ఒక కేక.

"ఎవరైనా ఉన్నారా... లాగండి!"

నోటినిండా బురదతో అరిచినట్టుంది. నల్లమ్మ ఒక్క ఉదుటున అటు తిరిగింది. జంబయ్యకీ గుండె ఝల్లుమంది, దూకబోయాడు కూడా. అంతలో ఆలోచన వచ్చింది. ఇంకేముంది, ఆగిపోయాడు.

"ఉండవే నల్లమ్మా! కనపడని గొంతు పిలిస్తే మూడోసారి దాకా పలక్కూడదని పెద్దలు చెప్పలా? దయ్యమైతే మూడోసారి పిలవదు."

"ప్రాణం పోయేట్టుంది బావా! తోక అందిస్తే పట్టుకుని పైకొస్తాడు."

"వాడెవడో నీకు తెలుసా? నిన్నే లోపలికి లాగేస్తే నీ దూడ గతేంటి? కాస్త బుర్ర పెట్టి ఆలోచించు."

దూడ మాట వినగానే నల్లమ్మ కాళ్లు ఆగిపోయాయి.

రెండో కేక సన్నగా వచ్చింది. ఏ దిక్కునుంచో తెలీలేదు, నాలుగువైపులా వినపడింది. జంబయ్యకి ఆ గొంతు ఎక్కడో విన్నట్టే ఉంది. అయినా చేపలు గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

మూడో కేక రాలేదు.

"చూశావా, దయ్యమే!" అన్నాడు, అవసరమైన దానికంటే గట్టిగా.

మడుగులో కడుపు పగిలేలా తిన్నాడు. తిరిగొచ్చేసరికి మంచు విడిపోయి ఎండ కాస్తోంది. ఊబి గట్టున తుంగలో రెండు చేపలు పడున్నాయి. పక్కనే తీతువు పిట్ట బిక్కుబిక్కుమంటూ కూర్చుంది.

"మీ పింగయ్యవే," అంది తీతువు. "మడుగు కనపడగానే రెండు చేపలు పట్టాడు, తను ముట్టనైనా ముట్టలేదు. 'మా అన్న ఆకలితో ఉంటాడు' అంటూ నోట కరుచుకుని అడ్డదారిన పరుగెత్తాడు. కాలు జారితే ముందు చేపల్ని గట్టుమీదికి విసిరాడు, తర్వాతే కేకేశాడు."

జంబయ్య ఊబి అంచున కూలబడి గుండెలు బాదుకున్నాడు. "ఒరే తమ్ముడూ! పలకరా!"

బురదలో ఒక బుడగ లేచి పగిలింది.

"ఇంకో రెండుసార్లు పిలువు బావా," అంది నల్లమ్మ, కళ్లనిండా నీళ్లతో. "మూడోసారికైనా పలుకుతాడేమో."

పిలిచాడు. ఊబి పలకలేదు.

ఆపద కేక వినగానే ముందుకు కదిలిన మనసే మంచిది. ఆ తర్వాత వచ్చే ఆలోచన చాలాసార్లు మన కడుపు కోసమే.