ఇస్త్రీ గుడ్డ కింది చీటీలు

దగ్గరికి జరగండి నాయనా, వెనకున్న తల్లులూ ముందుకు రండి. పెరుమాళ్ళ సన్నిధిలో చోటుకు కొదవేమిటి? ఈ కథ వింటుంటే మీకే లేచి పరుగెత్తాలనిపిస్తుంది.

పెద్దాసుపత్రి వెనక వీధిలో, ఇంటి సంగతి ఈగకైనా చెప్పని వరాలు అనే ఆవిడ ఇస్త్రీ బండి నడుపుతూ ఉండేది. ఆమె తమ్ముడు గవరయ్యకు పన్నెండేళ్లుగా మనసు జబ్బు. ఎవరూ లేని చోట గొంతులు వినిపించేవి. ఏ పనిలోనూ నిలవలేకపోయేవాడు. ఎవరైనా అడిగితే "మావాడికేం, బంగారం" అనేది వరాలు. ఆసుపత్రి చీటీలన్నీ బండి మీద పరిచిన ఇస్త్రీ గుడ్డ కింద దాచేది. "ఇంటిగుట్టు పెరుమాళ్ళకెరుక" అనుకునేది.

మనసు జబ్బున్నవాళ్ళకూ దివ్యాంగుల పింఛను ఉందని, సర్టిఫికెట్టు కోసం ఆసుపత్రిలో శిబిరం పెట్టారని ఒకనాడు తెలిసింది. ఆ పింఛను వస్తే గవరయ్య మాత్రలు నెల మధ్యలో ఆగవు. వరాలు తమ్ముడికి తల దువ్వి, మడత నలగని చొక్కా తొడిగి తీసుకెళ్లింది.

"నిద్ర పడుతుందా?" అంది డాక్టరమ్మ.

"తల వాల్చగానే" అంది వరాలు.

"స్నానం తనే చేస్తాడా?"

"తెల్లారకముందే."

"గొంతులేమైనా వినిపిస్తాయా?"

"అబ్బే, మా వంశంలోనే లేదమ్మా."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "పెళ్లిచూపులనుకుందేమో పాపం" అన్నారు వరసలో ఎవరో.

"మా అక్క అబద్ధాలకోరు కాదండీ" అన్నాడు గవరయ్య మెల్లగా. "చెప్పుకోవడం చేతకాదు, అంతే. స్నానం తనే చేయిస్తుంది. ఇప్పుడు కూడా ఆ ఫ్యాను నన్ను తిడుతోంది."

డాక్టరమ్మ వరాలు వైపు చూసింది. "వైద్యం చీటీలు ఉన్నాయా? ఇంకో పావుగంటలో శిబిరం ముగుస్తుంది."

వరాలు కొంగు బిగించి పరుగందుకుంది. బండి దగ్గర నలుగురు బట్టల మూటలతో నిలబడి ఉన్నారు. గుడ్డ ఎత్తితే వీధంతా చూస్తుంది. అయినా ఎత్తింది.

"అవేమిటే వరాలూ?" అంది రోజూ చీరలిచ్చే కామేశ్వరమ్మ.

"మా గవరయ్యకు మనసు జబ్బమ్మా. వాడి చీటీలు."

"మా తోటికోడలికీ అదేనే. ఇంకా నిలబడ్డావేం? ఇస్త్రీపెట్టె నేను చూస్తాలే, పరుగెత్తు."

వరాలు శిబిరం గుమ్మంలోకి వచ్చేసరికి డాక్టరమ్మ కుర్చీలోంచి లేస్తోంది. పన్నెండేళ్ల చీటీలు, ఒక్క ముడత లేకుండా, బల్ల మీద పరుచుకున్నాయి. ఈసారి వరాలు ఉన్నదున్నట్టు చెప్పింది. డాక్టరమ్మ మళ్లీ కూర్చుంది. సర్టిఫికెట్టు వచ్చింది, రెండు నెలలకు పింఛనూ వచ్చింది. గవరయ్య మాత్రలు మళ్లీ ఆగలేదు.

చూశారా తల్లీ, ఇంటిగుట్టు పెరుమాళ్ళకు ఎరుకే. కానీ సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టేది ఆయన కాదుగా. అందరి ముందూ ఆ గుడ్డ ఎత్తిన చెయ్యిని గుర్తుపెట్టుకోండి. రేపు మీ ఇంట అవసరమొస్తే మీరూ ఎత్తండి. మనసు జబ్బు దాచుకోవలసిన తప్పు కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటేనే సాయం అందుతుంది.