తెప్ప ఆగిన అమ్మ

అంగీరస నామ సంవత్సరం ఆషాఢంలో ఎగువ నెల్లిపేట వాళ్ళు దిగువ నెల్లిపేటకు తీరని అన్యాయం చేశారు. ఆ సంగతి దాచిపెట్టి ఈ అమ్మవారి మహిమ చెప్పడం కుదరదు. దిగువ నెల్లిపేట కొండవాగు రేవులో భక్తులు దర్శించుకునే ఈ గుడిలో విగ్రహం లేదు. పసుపు చీర కట్టిన నల్లరాయే అమ్మవారు. ఇక్కడ తీర్థం గోరువెచ్చగా ఉంటుంది. ఎందుకని అడగని వారుండరు.

పూర్వం ఇక్కడ ఈ రాయీ వాగూ తప్ప ఏమీ లేవు. ఆ ఏడు పై ఊరికి మరిడి సోకింది. తెలంగాణలో గత్తర అన్నా, డాక్టర్లు కలరా అన్నా ఇదే. కలరా అన్న పేరు పైత్యం అనే అర్థమున్న గ్రీకు మాటలోంచి పుట్టిందట. పైత్యం పొంగి మనిషి వాంతులతో, భేదులతో ఖాళీ అయిపోతాడని ఆ గ్రీకులనుకున్నారు. మనవాళ్ళు అమ్మ ఊరి మీదికొచ్చిందన్నారు. తాగే నీళ్ళ మీద మాత్రం ఎవరికీ అనుమానం రాలేదు.

పై ఊరివాళ్ళు ఆచారం ప్రకారం అమ్మను సాగనంపారు. వెదురు తెప్ప మీద అమ్మ చీర పెట్టి, పోయినవాళ్ళ బట్టలూ చాపలూ కుక్కి, మేళతాళాలతో వాగులోకి తోశారు. కింద మనుషులున్నారన్న ధ్యాస ఒక్కరికీ లేదు. ఆ తెప్ప వచ్చి ఈ నల్లరాయికి తగులుకుంది. మూడో నాటికి దిగువ నెల్లిపేటలో పదకొండు పాడెలు లేచాయి.

ఊరిపెద్ద అప్పలనరసింహ నాయుడు గడ పట్టుకొచ్చి తెప్పను ఇంకా కిందికి తోయబోయాడు. మంత్రసాని నూకాలు నడుంలోతు నీళ్ళలో దిగి అడ్డం నిలిచింది. కింద ఊరు జిల్లేడువలస. అక్కడ ఆమె కూతురు అసిరితల్లికి నెలలు నిండాయి.

"తప్పుకోయే నూకాలూ. అమ్మకి కోపం వస్తాది."

"అమ్మేటి, సంతకి తోలే గొడ్డా బాబూ, ఊరూరా తోలడానికి? ముందు నన్ను తొయ్యండి, ఆనక తెప్పని."

"నీ కూతురి కోసం ఊరంతా చావాలేటి?"

నూకాలు తెప్పను వదల్లేదు.

మిట్టమధ్యాహ్నం రాయికి ఆనుకున్న ఆమెకు కళ్ళు మూతలు పడ్డాయి. తెప్ప మీద అమ్మ కనిపించింది, పెదాలెండిపోయి. "ఊరూరా తరుముతుంటే అలిసిపోనానే. దాహం. నీ బాలింతలకి పోసేదే నాకూ పొయ్యి" అంది.

నూకాలు ఉలిక్కిపడి లేచింది. ఆమె చేతి కింద ముగ్గురు బాలింతలున్నారు. ఆ మూడిళ్ళలోనూ పాడెలు లేచాయి, ముగ్గురూ నిక్షేపంగా ఉన్నారు. కాచి చల్లార్చిన నీళ్ళు తప్ప వాళ్ళను ఇంకో చుక్క తాగనివ్వదు ఆమె. నాయుడి ఎదటే వేళ్ళు మడిచి ముగ్గురి పేర్లూ చెప్పింది. రెండో పేరు నాయుడి కోడలిది. ఆయన చేతిలోంచి గడ జారిపోయింది.

ఆ పూటే తెప్ప ఒడ్డుకెక్కింది, బట్టలూ చాపలూ కాలి బూడిదయ్యాయి. ఊరంతటికీ బాలింత పథ్యమే. ప్రతి పొయ్యి మీదా నీళ్ళు మరిగాయి. మొదటి చెంబు చల్లార్చి నల్లరాయికి పోశారు. వారం తిరిగేసరికి పాడెలు ఆగాయి. జిల్లేడువలసకు మరిడి వెళ్ళనే లేదు. అసిరితల్లి ఆడపిల్లను కన్నది.

నేటికీ ఏటా ఎగువ నెల్లిపేట వాళ్ళే కట్టెలు నెత్తిన పెట్టుకుని కాలినడకన వస్తారు. గుడి ముందు నీళ్ళు మరగబెట్టి, అసిరితల్లి వంశపు ఆడపడుచు చేతికిచ్చి, చెంపలేసుకుని వెళతారు. మరిగి గోరువెచ్చగా చల్లారిన ఆ నీళ్ళే తీర్థం. అది తీసుకున్న బాలింతలనూ పసిబిడ్డలనూ అమ్మ చల్లగా చూస్తుంది. వాగు నీళ్ళు కడుపారా తాగి, ఆనక కాపాడమని మొక్కేవాళ్ళ మొర మాత్రం వినదు. గడప పక్కన రాతిపలక మీద ఒక్క వాక్యమే ఉంది: తెప్ప ఆగినది, అంగీరస నామ సంవత్సర ఆషాఢ బహుళ ద్వాదశి.