బంగారు చేపల దండాలు

పూర్వం విక్రమసేనుడనే రాజు గాజుతొట్టిలో బంగారు చేపలను పెంచేవాడు. ఒకరోజు అవన్నీ నీటిపైకి వచ్చి నోళ్లు తెరవసాగాయి.

"చూశారా, నాకు దండాలు పెడుతున్నాయి!" అని రాజు మురిసిపోయాడు. "ఎవరూ నీళ్లు కదపకండి. ఒక్క చేప చచ్చినా తొట్టిని చూసుకునే నూకాలు తల తీయిస్తాను."

నూకాలు చేతులు జోడించింది. "వాటికి ఊపిరాడడం లేదు ప్రభూ, గాలి కావాలి" అంది.

"నీళ్లలో బతికేవాటికి గాలెందుకే?" అని రాజు కసిరాడు.

అంతలో ఒక చేప పక్కకు ఒరిగింది. నూకాలు చప్పున మాట మార్చింది.

"ప్రభూ, పొద్దున నేను చీపురు పట్టుకుని వస్తే, నాకూ ఇలాగే దండాలు పెట్టాయి. ఇందాక వంటవాడికీ పెట్టాయి."

రాజు ముఖం ఎర్రబడింది. "నాకు పెట్టే దండం వంటవాడికా? వెంటనే మాన్పించు!"

నూకాలు గబగబా చెంబుతో తొట్టిలోని నీళ్లే ముంచి, ఎత్తు నుంచి ధారగా మళ్లీ మళ్లీ పోసింది. నీళ్లనిండా బుడగలు లేచాయి. కాసేపటికి చేపలు ఒక్కొక్కటే కిందికి దిగి ఈదసాగాయి. ఒరిగిన చేప కూడా తోక ఆడించింది.

"రోజూ ఇలాగే బుద్ధి చెప్పు" అన్నాడు రాజు.

"చిత్తం ప్రభూ" అంటూ నూకాలు ఇంకో చెంబు ఎత్తింది.